దారి వదలని ఆదివారం

స్కొగ్లి,
1975 ఫిబ్రవరి 9, ఆదివారం సాయంత్రం

ఈ రోజు చేసిన పనులు: తెల్లవారకముందే మా కొట్టం వెనక నుంచి కొండమీది వేసవి పాక దాకా కొత్త మంచులో స్కీ దారి వేయడం. మెట్ల మీది మంచు ఊడ్చడం. లెంటు ఉపవాసాల ముందు ఆదివారం కాబట్టి మీగడ బన్నులు కాల్చడం, ఒక పళ్ళెం మాకు, ఒక పళ్ళెం నీకు. రొట్టె, బ్రౌన్ చీజ్, నారింజలు, ఫ్లాస్కులో కోకో సంచిలో సర్దడం. తిరిగొచ్చాక తడి మేజోళ్ళు పొయ్యి మీది తీగకి ఆరవేయడం, మాంసం పులుసు వేడి చేయడం. మిగిలింది ఈ ఉత్తరం ఒక్కటే.

ప్రియమైన గున్‌వోర్ అక్కకు,

చెల్లెలు హాల్దిస్ ప్రేమతోనూ కొంచెం కోపంతోనూ రాసేది. ఇక్కడ మేమిద్దరం, కోళ్ళు, నేలమాళిగలో బంగాళాదుంపలు అందరం బాగున్నాం. నీ కుడిచెయ్యి ఎప్పటిలా గట్టిగా, ఎడమచెయ్యి పోయిన నెలకన్నా నయంగా, ఆవులు నిండు పొదుగులతో ఉన్నాయని తలుస్తాను.

అన్నయ్య మధ్యాహ్నం నీ ఇంటికొచ్చి నోటితో చెప్పి వెళ్ళిన సంగతులే మళ్ళీ ఉత్తరంలో ఎందుకని అడుగుతావు. నేనూ అడిగాను. "నోటిమాట గాలికి పోతుంది, కాగితం నిలబడుతుంది, రాయి" అన్నాడు స్టైనర్ అన్నయ్య. పట్నంలో ఇన్సూరెన్సు ఆఫీసు కుర్చీలో జుట్టు నెరిపించుకున్న మనిషి మరి. ఇప్పుడు నా ఎదురుగానే కూర్చున్నాడు, కాఫీ ముందు పెట్టుకుని. రాత్రి బస్సు వచ్చేదాకా కదలడట. నేనొక పేజీ నింపడం, తను అది తిప్పుకుని చదవడం. ఈ పద్ధతి నాకు నచ్చలేదని ఇక్కడే రాస్తున్నాను. చదువుకోనీ.

ముందు తను రాయమన్నవి రాసేస్తాను.

నాన్న పోయాక పొలం పెద్దకొడుకుగా అన్నయ్య పేరు మీదికి వచ్చింది, చేస్తున్నది నువ్వు. పోయిన ఆకురాలే కాలంలో నీకు ఆ జబ్బు చేసి ఎడమచెయ్యి చచ్చుబడినప్పుడు, పక్క పొలం ఓద్వార్ వచ్చి కొట్టం, పచ్చికబీళ్ళు కౌలుకిమ్మని అడిగాడు. అన్నయ్య ఇవ్వబోయాడు. నువ్వు ఏడవలేదు, అరవలేదు, కొట్టం తలుపుకి అడ్డంగా నిలబడ్డావు. అందుకని ఆగాడు. ఆగి ఒక షరతు పెట్టాడు. ఇల్లు, కొట్టం, పాలలారీ ఆగే అరుగు, మరీ కావాలంటే మంచు తోసిన రోడ్డు. అంతే. ఒంటరిగా స్కీలు కట్టకూడదు. ఒక్కసారి కట్టినట్టు తెలిసినా ఆవులు ఓద్వార్‌కి పోతాయి, నువ్వు పట్నంలో అన్నయ్య వంటింటి వెనక గదికి వెళ్తావు. ఓద్వార్‌కి రేపటికల్లా జవాబు చెప్పాలి. అందుకే నిన్న ఆఖరి బస్సులో ఊడిపడ్డాడు. మంచు విపరీతంగా కురుస్తూ నీ ఇంటి రోడ్డు మూసుకుపోయింది కాబట్టి మా ఇంట్లో పడుకున్నాడు.

ఇది రాస్తుంటే నా చెయ్యి మండుతోందని కూడా రాశాను. అన్నయ్య చదివి, కళ్ళజోడు పైకి జరుపుకుని, "అది అక్కర్లేదు, కొట్టెయ్" అన్నాడు. షరతు తనది, ఉత్తరం నాది. కొట్టెయ్యలేదు.

నాన్న సంగతి రాయొద్దన్నాడు. అదీ రాస్తాను. ఇలాంటి కొత్త మంచు పడ్డ పొద్దునే నాన్న ఒక్కడూ స్కీల మీద వెళ్ళి వాగు దగ్గర పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మళ్ళీ కురిసిన మంచు ఆయన జాడ కప్పేసింది. వెతికి వెతికి కనుక్కున్నది అన్నయ్యే, అప్పటికే ప్రాణం లేదు. అప్పటి నుంచి కొత్త మంచులో ఒంటరి జాడ కనబడితే, దాని చివర మనిషి కనబడేదాకా అన్నయ్య ఆగడు. నాకు తెలుసు, నీకూ తెలుసు. అయితే మాత్రం, తన భయానికి నీ కాళ్ళు కట్టేస్తే ఎలా? ఈ వాక్యం దగ్గర కాగితం లాక్కోబోయాడు. ఇవ్వలేదు. మా ఆయన టోర్గైర్ పొయ్యి దగ్గర కూర్చుని పైపు శుభ్రం చేసుకుంటూ, ఈ గదిలో తను లేనట్టే ఉన్నాడు.

ఇక నా గోడు. ఈ శీతాకాలంలో ఇంత మంచి స్కీ రోజు రాలేదు. నాకు ఇంత తలవంపులైన రోజూ రాలేదు. రెండూ ఒకే పూట వచ్చాయి.

రాత్రి కురిసిన మంచు నువ్వూ చూసే ఉంటావు, కిటికీలోంచి. జల్లించిన పిండిలా, అరచేతిలోకి తీసుకుని ఊదితే ఎగిరిపోయేలా ఉంది. తెల్లవారుజామున మంచు తోసే బండి రోడ్డు మీద గరగర లాడుతూ పోయింది. తర్వాత ఒక్క చప్పుడు లేదు. పొద్దెక్కేసరికి ఆకాశం కడిగిన గిన్నెలా మెరిసింది. స్ప్రూస్ చెట్లు కొమ్మలు దించుకుని, దుప్పటి కప్పుకున్న ఆవుల్లా నిలబడ్డాయి. ఇలాంటి రోజు ఇంట్లో కూర్చోవడం మన ఊళ్ళో పాపంతో సమానం. నువ్వు కూర్చున్నావు. దాని గురించి నేనేమీ అనను.

కాఫీ వేళకి అన్నయ్య నీకు ఫోను చేశాడు. నీ గొంతు ఆయాసంగా ఉందన్నాడు. పొయ్యిలో కట్టెలు వేసి పరుగెత్తుకొచ్చానన్నావట. ఫోను పెట్టేసి, "చూశావా, ఎంత బుద్ధిగా పొయ్యి పట్టుకుని కూర్చుందో. మనిషి మారింది" అని మురిసిపోయాడు. నేను రొట్టె కోసుకుంటూ పోయాను.

స్కీలకి మైనం రాసే పని ఎప్పటిలా టోర్గైర్‌ది. ఈ లోయలో మైనం గురించి అనుమానమొస్తే జనం మా ఇంటికి వస్తారు. చలికి ఏ డబ్బా, తడికి ఏ డబ్బా, కొత్త మంచుకి ఎంత పలచగా రుద్దాలి, అన్నీ మా ఆయనకి నిద్రలో కూడా తెలుసు. అలాంటి మనిషి ఈ రోజు ఏం చేశాడనుకున్నావు? గడ్డకట్టే చలిలో, పిండిలాంటి మంచుకి, అన్నయ్య స్కీలకి ఎర్ర డబ్బాలోది రుద్దాడు. మంచు కరిగి కారే వసంతంలో వాడే మైనం. అన్నయ్యవి కొత్తవి, పట్నంలో కొన్న ఫైబర్ స్కీలు. పెళ్ళికొడుకుని తెచ్చినట్టు గుడ్డలో చుట్టుకుని తెచ్చాడు. కొట్టం దాటాక నాలుగడుగులు వేశాడో లేదో, మంచు అడుగున ముద్దలు ముద్దలుగా పట్టేసింది. గుర్రపు డెక్కలు తొడుక్కున్నట్టు ఎత్తెత్తి అడుగులేస్తూ నిలబడిపోయాడు.

"బావా, ఇదేం మైనం? దీంతో గోడకి సున్నం వేసుకోవచ్చు" అని అరిచాడు అన్నయ్య.

"కొత్త రకం స్కీలు కదా బావా, వాటికి నా పాత మైనం ఒంటబట్టలేదేమో" అన్నాడు టోర్గైర్, ఏమీ ఎరగనట్టు. తప్పు చేసి దాన్ని ఇంకొకరి స్కీల మీదికి తోసే మనిషి కాదు మా ఆయన. నాకు సిగ్గేసింది. అన్నయ్య అక్కడే కూర్చుని గీకుడు మొదలుపెట్టాడు, నేను ముందుకి సాగిపోయాను. వెనక టోర్గైర్.

సాగిపోయే ముందు అన్నయ్య అడగనే అడిగాడు. కొట్టం మూల నుంచి అడవిలోకి అప్పటికే ఒక జాడ ఉంది కదా. "మనకన్నా ముందు వెళ్ళిందెవరు?" అని. నేనేనన్నాను. "ఎప్పుడు?" అన్నాడు. "నువ్వు గురక పెడుతున్నప్పుడు" అన్నాను. నమ్మక టోర్గైర్ వంక చూశాడు. మా ఆయన, "పొద్దున మెలకువ వచ్చేసరికి పక్క చల్లగా ఉంది బావా, అంతవరకే నాకు తెలుసు" అన్నాడు. భర్త సాక్ష్యం అంటే ఇలా ఉండాలి.

చీకట్లో లేచి, మోకాలి లోతు మంచు తొక్కి, వీళ్ళిద్దరూ హాయిగా జారుకుంటూ పోవడానికి దారి వేసిన మనిషికి ఒక మంచి మాటైనా దక్కిందా? దక్కలేదు. పైగా ఏం జరిగిందో విను.

చిత్తడి మైదానం మొదట్లో అన్నయ్య మమ్మల్ని అందుకున్నాడు. జేబులో చలిమంచుకి వాడే నీలం డబ్బా ఉందట, అది రుద్దుకుని గాలిలా వచ్చాడు. చిన్నప్పుడు ఊరి పందెంలో గెలిచిన కప్పు ఇంకా తలకెక్కి ఉంది కదా. టోర్గైర్‌ని దాటి, నా వెనకొచ్చి, "దారి" అని కేక వేశాడు.

వెనకనుంచి దారి అనే కేక వినబడితే ముందున్న వాళ్ళు పక్కకి దిగాలి. నడక రాకముందే మనందరికీ వచ్చే మర్యాద అది. రాజుగారైనా దిగుతారు. నేను దిగలేదు.

మళ్ళీ కేక వేశాడు. "ఏమ్మా, చెవుడొచ్చిందా?"

"బాగానే వినబడుతోంది" అన్నాను.

"మరి తప్పుకో."

"ఇది నేను వేసిన దారి. నా వెనకే రా."

దాంతో కోపమొచ్చి, జాడ పక్కనుంచి నన్ను దాటిపోదామని మెత్తటి మంచులోకి దిగాడు. తొడదాకా కూరుకుపోయాడు. తిట్టుకుంటూ బయటికొచ్చి, మళ్ళీ నా వెనకే పడ్డాడు. మైదానం పొడుగునా, గుట్ట మీదుగా, వాగు దాకా అదే వరస. నా స్కీల తోకల మీద తన స్కీల ముక్కులు తగిలిస్తూ, ఊపిరి నా మెడ మీద వదులుతూ. "ఇంత పేరాశ ఎప్పటినుంచి? మంచు కూడా నీ వంటింటి అలమరలో పెట్టి తాళం వేసుకుంటావా?" అన్నాడు. నేను కర్రలు ఇంకా గట్టిగా గుచ్చాను.

ఇదంతా కొట్టు బిర్గర్ చూశాడు. మైదానం అవతలి గట్టు మీద నారింజ ఒలుచుకుంటూ నిలబడ్డాడు ఆ మహానుభావుడు. నోట్లో తొన అలాగే ఉంచుకుని మమ్మల్నే చూశాడు. రేపు కొట్టులో ఈస్టు పొట్లం కట్టించుకున్న ప్రతివాళ్ళకీ, హాల్దిస్ సొంత అన్నకి దారి ఇవ్వలేదన్న కబురు కొసరుగా దొరుకుతుంది. ఊళ్ళో ఇన్నేళ్ళు నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇచ్చిన గిన్నె తిరిగి ఇవ్వలేదని గానీ, చందా ఆలస్యం చేశానని గానీ అనిపించుకోలేదు. ఇప్పుడు అనిపించుకుంటాను.

అది చాలదన్నట్టు వాగు దగ్గర పడ్డాను. పిల్లలు కూడా పడని చోట, చిన్న పల్లం, అంతే. వెల్లకిలా పడి, అటు దొర్లి, ఇటు దొర్లి, లేవడానికి చాలాసేపు పట్టింది. అన్నయ్య కర్రల మీద ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాడు. "తను వేసిన దారి మీద తనే పడింది. దారి మాత్రం ఇవ్వదు" అన్నాడు. టోర్గైర్ చెయ్యి అందించాడు గానీ, మీసం కింద తనూ నవ్వుతున్నాడేమోనని నాకు అనుమానం.

వేసవి పాక దగ్గర గోడకి వీపు ఆనించి ఎండలో కూర్చున్నాం. ఆ ఎండ ఎలాంటిదో నీకు చెప్పక్కర్లేదు. పలకలు వెచ్చబడి తారు వాసన వేస్తున్నాయి. నారింజలు సగం గడ్డకట్టి, పళ్ళ కింద కరకరలాడాయి. అన్నయ్య అలిగి కాసేపు అటు తిరిగి కూర్చున్నాడు. మీగడ బన్ను చేతిలో పెట్టాక ఇటు తిరిగాడు. లోయంతా తెల్లగా, నీలం నీడలతో, మన ఊరు అడుగున అగ్గిపెట్టెలు పరిచినట్టు. నీ ఇంటి పొగ తిన్నగా పైకి లేస్తోంది. అన్నయ్య దాన్ని చూసి, "పొయ్యి బాగా రాజేసింది" అన్నాడు, కొంచెం మెత్తబడి.

దిగేటప్పుడు మాత్రం నాకు ఎవరి మీదా కోపం లేదు, నిజం చెప్తున్నాను. అంత సేపే. పాక వెనక వాలు మీద ఎవరూ తొక్కని మంచులో ముగ్గురం మూడు దారులుగా వదిలేశాం. మోకాళ్ళ దాకా మంచు లేచి, మొహం మీద చల్లని పిండి చల్లుతుంటే, చెవుల్లో గాలి, కింద సన్నగా గుడ్డ చింపినట్టు చప్పుడు. ముసలి స్టైనర్ చిన్నప్పటిలా కూత వేశాడు. టోర్గైర్ మలుపు తిరిగిన ప్రతిచోటా వెనక తెల్లటి రెక్క విప్పుకుంది. అడుగున ముగ్గురం కలుసుకునేసరికి మా కళ్ళలో గాలికి నీళ్ళు. "అక్క ఉంటే మనందరికన్నా ముందు దిగి ఇక్కడ నిలబడి ఎక్కిరించేది" అన్నాను నేను. అన్నయ్య చేతితొడుగులు దులుపుకున్నాడు.

మిగతా సంగతి నీకు తెలిసిందే. బన్నుల పళ్ళెం పట్టుకుని రోడ్డు మీదుగా నీ దగ్గరికి వచ్చాడు. తిరిగొచ్చాక చాలా సంతోషంగా ఉన్నాడు. నువ్వు కాఫీ పోశావట, ఎడమచేత్తో చక్కెరగిన్నె జరిపావట. ఆదివారం కూడా ఖాళీగా కూర్చోకుండా ఉన్ని చేతితొడుగులు, మేజోళ్ళు ఉతికి పొయ్యి మీద ఆరేశావట. అది చూసి అన్నయ్య మనసు కరిగింది. "తన పాటికి తను ఇల్లు దిద్దుకుంటోంది. మాట నిలబెట్టుకుంది. నేనూ నిలబెట్టుకోవాలి కదా" అన్నాడు. ఇందాక మా ఫోనులోనే ఓద్వార్‌కి చెప్పేశాడు, పొలం ఈ ఏడాది ఇవ్వడం లేదని. ఎక్స్ఛేంజీలో కూర్చునే ఆవిడ విన్నది కాబట్టి ఈపాటికి లోయంతా తెలిసి ఉంటుంది. ఏడాది తర్వాత మళ్ళీ చూద్దామన్నాడు. షరతు అదే. ఇది రాయడం కోసమే ఈ ఉత్తరం. రాశాను. చదివి తలూపాడు.

బస్సు లైట్లు వంతెన దగ్గర కనబడుతున్నాయి. ఉత్తరం రేపు పాలలారీ అతని చేత పంపుతాను.

నీ మంచి కోరే, ఈ రోజు ఊరందరి ముందు మర్యాద తప్పిన
చెల్లెలు
హాల్దిస్

తా.క.

ఇది వేరే కాగితం మీద రాస్తున్నాను. బస్సు వెళ్ళిపోయింది. అన్నయ్య వెళ్ళాడు. చదివాక దీన్ని పొయ్యిలో వెయ్యి. పై కాగితాలు దాచు, ఎప్పుడైనా అడుగుతాడు.

దారి నేను వెయ్యలేదు. నేను పొద్దున దుప్పట్లోంచి లేచింది బన్నుల పిండి పొంగిందో లేదో చూడ్డానికి. కొట్టం మూల తిరగగానే జాడ చూశాను. స్కీల గీతలు రెండూ ఉన్నాయి. కర్ర గుచ్చిన గుంటలు మాత్రం కుడిపక్కనే ఉన్నాయి, లోతుగా. ఎడమపక్క మంచు రాత్రి పడ్డది పడ్డట్టే ఉంది, తిరుగుదారిలో కర్ర గుచ్చకుండా అదే గీతల్లో జారి వచ్చినట్టున్నావు. ఈ లోయలో ఒక్క కర్రతో వెళ్ళే మనిషివి నువ్వొక్కదానివే.

అన్నయ్య బూటు పట్టీలు బిగించుకుంటున్నాడు. నేను ముందు దూకి, ఆ జాడలో పడి, నా రెండు కర్రలూ రెండు పక్కలా గుచ్చుకుంటూ పోయాను. అందుకే దారి వదలలేదు. తను ఒక్క అడుగు నాకన్నా ముందుకెళ్తే చాలు, చదువుకున్నవాడు చదివేస్తాడు. ఒంటరి జాడ, ఒంటి కర్ర, అదీ కొత్త మంచులో. ఆ మొహం నేను చూడదలచుకోలేదు.

వాగు దగ్గర నేను పడలేదు అక్కా. నువ్వు పడ్డావు. మంచులో నీ వీపు అచ్చు ఉంది. దాని చుట్టూ నీ కుడి మోచెయ్యి ఆనిన గుంటలు, ఒకటి కాదు, చుట్టూ. మోకాళ్ళు ఆనిన చోట్లు. ఎంతసేపు పెనుగులాడావో మంచు చెప్పింది. నాన్న పడ్డ చోటికి ఎంత దగ్గరో నీకు తెలియదా? నేను ఆ అచ్చు మీదే వెల్లకిలా పడి, అది చెరిగిపోయేదాకా దొర్లాను. పైన అన్నయ్య నవ్వుతున్నాడు, కింద నా పళ్ళు చలికి కాదు కటకటలాడింది. అప్పుడు నువ్వు నా ఎదురుగా ఉంటే, మంచి చెయ్యి చెడ్డ చెయ్యి అని చూడకుండా రెండూ పట్టుకుని కుదిపేసేదాన్ని.

ఫోనులో ఆయాసం. ఆదివారం చేతితొడుగులు ఉతకడం. నీకు అబద్ధమాడటం ఇంత చక్కగా ఎప్పుడొచ్చింది? అన్నయ్యకి తెలిస్తే ఏమవుతుందో రాత్రంతా ఆలోచించి మరీ వెళ్ళావా, ఆలోచించకుండా వెళ్ళావా? రెండిట్లో ఏది చెప్పినా నాకు కోపమే. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే నేను వచ్చేదాన్ని కదా. షరతులో ఉన్నది ఒంటరిగా వెళ్ళకూడదనే. ఇద్దరం వెళ్తే తప్పే లేదు. మా వంటింటి కిటికీ కిందనుంచి, స్కీలు భుజాన వేసుకుని దాటిపోయావు, తలుపు తట్టలేదు.

ఇంకొక మనిషి మీద కూడా కోపం ఉంది. అన్నయ్య వెళ్ళాక ఎర్ర డబ్బా సంగతి కడిగేద్దామని టోర్గైర్ ముందు నిలబడ్డాను. పైపు తీసి పక్కన పెట్టాడు. పొద్దున కిటికీకి కట్టిన థర్మామీటరు చూడ్డానికి లేచాడట. కుడిభుజాన స్కీలు, ఎడమచెయ్యి వేలాడుతూ ఎవరో కొట్టం వెనక్కి తిరగడం చూశాడట. నన్ను లేపలేదేమని అడిగాను. "లేపితే నువ్వు వెళ్ళి వెనక్కి తెచ్చేదానివి" అన్నాడు. పడిపోతే ఏం చేసేవాడివని అడిగాను. నువ్వు మళ్ళీ రోడ్డెక్కేదాకా కిటికీ దగ్గరే బూట్లు తొడుక్కుని నిలబడ్డాడట. ఇంకాస్త ఆలస్యమైతే బయల్దేరేవాడట. నువ్వు కనబడ్డాకే కాఫీకి స్టవ్ వెలిగించాడట. తర్వాత తన పేరంతా తీసుకెళ్ళి ఎర్ర డబ్బాలో కలిపేశాడు, అన్నయ్య వెనకపడాలని. లోయంతా రేపు నవ్వుతుంది. టోర్గైర్‌కి మైనం కూడా తెలియకుండా పోయిందని. తను మాత్రం హాయిగా పైపు తాగుతున్నాడు. ఆ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి, రెండేసి మాటలకి మించి మాట్లాడించలేకపోయాను.

ఇక విను. నేను అన్నయ్య ఎదుట రాయలేనిది ఇది. నీ జాడ మైదానం మీద దారం పట్టి గీసినట్టు ఉంది. గుట్ట ఎక్కే చోట అడ్డంగా అడుగులేసి ఎక్కావు, ఒక్క అడుగు కూడా తడబడలేదు. ఒంటి కర్రతో అంత లోతు మంచులో అలాంటి దారి వేయడం నాకు రెండు చేతులతో కూడా రాదు. అందులో జారుతుంటే నాకు ఎంత సుఖంగా ఉందో, వెనక అన్నయ్య కేకలు వేస్తున్నా సరే. అందుకు కూడా నీ మీద కోపంగా ఉంది.

మళ్ళీ రాత్రి మంచు కురిస్తే మా తలుపు తట్టు. ఎంత చీకటైనా సరే. వంతులేసుకుని దారి వేద్దాం, అలిసినవాళ్ళు పక్కకి దిగి వెనకపడదాం. ఒంటరిగా వెళ్ళినట్టు నాకు తెలిస్తే అన్నయ్యకి నేనే ఫోను చేస్తాను, ఎక్స్ఛేంజీ ఆవిడ వినేలా.

నువ్వు అన్నయ్యకిచ్చిన మాట తప్పావు. నేను నీ కోసం అన్నయ్యతో అబద్ధమాడాను. చెల్లుకు చెల్లు. మన మధ్య బాకీ లేదు.

హా.